మూడు దసరాల నూనె

మా ఆయన నూనె మనిషి. తలకు రాసుకునే నూనె సంగతి కాదు, ఆ తల ఎప్పుడో సగం ఖాళీ అయింది. కదిలేది ఏదైనా సరే, దానికి ఒక చుక్క నూనె తగలకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. తలుపు బందులు, బావి గిలక, గొళ్ళెం, గొడుగు కమ్మి, నా కుట్టుమిషను, చివరికి మా బడి గంట వేలాడే కొక్కెం కూడా. చుట్టాలింటికి వెళ్ళినా అంతే. లోపల అడుగు పెడుతుండగా తలుపు కిర్రుమంటే, మంచినీళ్ళు తాగకముందే "జర నూనె ఉన్నదా?" అని అడిగేవాడు. ఒంటికి కావాలేమోననుకుని వాళ్ళు కొబ్బరినూనె సీసా తెచ్చి చేతికిచ్చేవాళ్ళు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆయనది హుజూరాబాద్ పక్క పల్లె, వ్యవసాయం ఇల్లు. చిన్నప్పుడు ఇంట్లో ఆయనకు అప్పజెప్పిన మొదటి పని ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టడమట. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి, వెదురు గొట్టంలో నింపి, బండి కింద వేలాడదీసేవాళ్ళు. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మా అత్త రోజూ అనే సామెత. అందుకేనేమో ఆయనకు సంగీతం అంటే గిట్టేది కాదు. రేడియోలో ఎవరైనా రాగం ఎత్తుకుంటే, "ఈయనకు నూనె కావాలె" అని లేచి వెళ్ళిపోయేవాడు.

అరవైలు ముగుస్తున్న రోజుల్లో నేను కరీంనగర్ నుంచి ఉట్నూర్ ఆశ్రమ బడికి పంతులమ్మగా వచ్చాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, ఆయనకు ముప్పై రెండు. గిరిజన సంక్షేమ ఆఫీసులో జీపు డ్రైవరు. నన్ను మొదటిసారి బస్టాండు నుంచి బడికి దింపింది ఆ జీపే. వాన కురుస్తోంది. కరీంనగర్‌లో తెల్లవారకముందు బయలుదేరిన దాన్ని, ఒళ్ళు పులిసిపోయింది. జీపు ఊరు దాటి టేకు చెట్ల మధ్యకు రాగానే ఆ ఇంజను చప్పుడు ఎవరో జోకొడుతున్నట్టు అనిపించింది. కళ్ళు మూసుకోవడం గుర్తుంది, తెరవడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

తెరిచేసరికి వాన వెలిసింది. జీపు బడి ముందు ఆగి ఉంది. ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంది. ఆయన బయట గోడ పక్కన నిలబడి, చూరు చుక్కలకు నా పెట్టె తడవకుండా గోనెపట్టా కప్పుతున్నాడు.

"వచ్చి ఎంతసేపైంది?" అన్నాను.

"అర్ధ గంట అయితుండొచ్చు, పంతులమ్మా."

"మరి బండి ఆపలేదేం?"

"బంద్ చేస్తే లేస్తరని."

ఆ ఒక్క మాటకే నేను ఆయన్ని చేసుకున్నానని ఇప్పటికీ అంటాను. అదేం కాదు, అడవిలో ఇద్దరం ఒకే జిల్లావాళ్ళమని పెద్దలు కలిపారు, నీకు వేరే సంబంధం కూడా రాలే అని ఆయనంటాడు. రెండూ నిజమే.

ఆ తరువాతి పాతికేళ్ళు నా జ్ఞాపకంలో విడివిడిగా లేవు. ఒకే పొడుగాటి ప్రయాణంలా ఉన్నాయి, అందులో సగం నేను నిద్రలో ఉన్నాను. ఆఫీసు పని మీద జీపు ఏ గూడేనికి వెళ్తున్నా, అక్కడ బడి ఉంటే నేనూ ఎక్కేదాన్ని. ఎండాకాలం మొదట్లో ఇప్పపూల వాసన, మత్తుగా, తీయగా, జీపు పరదాల సందుల్లోంచి వచ్చేది. కెరమెరి ఘాటు మీద పొగమంచులో ముందు ఏమీ కనపడేది కాదు. కళ్ళు మూసుకునే నేను ఎక్కడున్నామో చెప్పేదాన్ని. ఇంజను గొంతు బరువెక్కిందంటే ఎక్కుడు, పల్చబడిందంటే దిగుడు. నీళ్ళ చప్పుడుతో కలిసిందంటే వాగు. ఎన్ని ఊళ్ళకు వెళ్ళానో లెక్క లేదు గానీ, తోవలు చాలావరకు నేను చెవులతో చూసినవే.

ఆయన మాత్రం బండిలో ఎన్నడూ కన్ను మూసి ఎరగడు. జీపులో సరే, హుజూరాబాద్ వెళ్ళే బస్సులో కూడా నిటారుగా కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు నేలకేసి నొక్కేవాడు, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు. కాసేపు పడుకోరాదా అంటే, "బండిల డ్రైవరు పండుకుంటే ఇగ బండికి దిక్కెవరు?" అనేవాడు. బస్సుకు వేరే డ్రైవరు ఉన్నాడని నేను గుర్తుచేస్తే, "వాడా?" అని ఊరుకునేవాడు. ప్రపంచంలో తనొక్కడే డ్రైవరని ఆయన గట్టి నమ్మకం. "నా చేతుల పడ్డ బండి తొవ్వల ఆగలే" అన్నది ఆయన ఎవరితోనైనా చెప్పే మొదటి మాట, చివరి మాట కూడా.

ఒక ఏడు ఎండాకాలం సెలవుల్లో జీపు ఇంజను మొత్తం విప్పి, మధ్యాహ్నం అన్నం తెచ్చిన నన్ను పిలిచి లోపల చూపించాడు. పళ్ళున్న ఇనుప చక్రాలు ఒకదాన్నొకటి కరుచుకుని, నూనెలో నిగనిగలాడుతున్నాయి. కింది చక్రం రెండు చుట్లు తిరిగితే పైది ఒక్క చుట్టు తిరుగుతుందట, అదే ఇంజనుకు ఊపిరట. మా ఇంట్లోనూ అంతే, నేను రెండు తిరిగితే ఆయన ఒకటి తిరుగుతాడన్నాను. ఆయనకు నవ్వు రాలేదు. "గీడ ఒక్క చుక్క తక్కువైనా బండి ఖతం" అని వేలితో ఆ నూనెను తాకి, ఆ వేలిని చాలాసేపు చూసుకున్నాడు.

యాభై ఎనిమిదేళ్ళు నిండాయి. ఆఫీసువాళ్ళు దండ వేసి, శాలువా కప్పి, ఆయన జీపులోనే ఇంటిదగ్గర దింపి వెళ్ళారు. నడిపింది కొత్తగా చేరిన డ్రైవరు. మలుపు దగ్గర గేరు గరగరమంది. ఆయన శాలువా సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

మర్నాటి నుంచి ఆ చేతులకు పని లేకపోయింది. వేళకు లేచేవాడు, మొహం కడుక్కునేవాడు, ఖాకీ చొక్కా తగిలించిన మేకు వైపు ఒకసారి చూసి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. రెండు చేతులూ ఒళ్ళో బోర్లా పెట్టుకుని ఉండేవాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది. నేను సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పొద్దున వదిలిన చోటే ఉండేవాడు. వానాకాలం తేమకు మా వంటింటి తలుపు మళ్ళీ కిర్రుమనడం మొదలుపెట్టింది. నేను కావాలనే రెండుసార్లు తీసి వేశాను. ఆయన తలెత్తలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరుగారి తెల్ల కారు, అప్పట్లో అందరూ కొంటున్న ఆ చిన్న కారు, అమ్మకానికి ఉందని తెలిసి ఆయనకు చెప్పకుండా కొన్నాను. నాకు కారు మోజు లేదు. ఆ చేతులు మళ్ళీ కదలాలి, అంతే. అవి ఆగితే మనిషే ఆగిపోతాడని నాకు తెలిసిపోయింది.

వాకిట్లో నిలిపిన కారు చుట్టూ ఆయన ఒకసారి తిరిగాడు. "గిది కారా? సబ్బుపెట్టెకు చక్రాలు పెట్టిండ్రు."

"నచ్చకుంటే మళ్ళ ఇచ్చేస్తా."

"ఉండనీ తియ్. ఒకసారి బానెట్ లేపి చూస్తే తప్పేం లేదు."

అలా లేపిన బానెట్ పొద్దు గూకేదాకా దించలేదు. ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు. మర్నాడు వంటింటి తలుపు చప్పుడు చేయడం మానేసింది.

నాకు నడపడం కూడా నేర్పాడు, బడి మైదానంలో. "బ్రేకు తొక్కుమంటే పాము తోక తొక్కినట్టు తొక్కుతున్నవ్" అని విసుక్కుంటూ నేర్పాడు. లైసెన్సు వచ్చింది. అయినా బస్టాండు దాటి నన్ను నడపనిచ్చేవాడు కాదు. "ఘాటు రోడ్డు నీకెందుకు, నేను లేనా?" అనేవాడు. అరవై మంది పిల్లల్ని నోరెత్తకుండా కూర్చోబెట్టేదాన్ని, నాలుగు చక్రాలు నాకొక లెక్కా అని నాకు ఒళ్ళు మండేది. కానీ పక్క సీటులో కూర్చోగానే పాత అలవాటు కొద్దీ నాకు నిద్ర వచ్చేసేది. నిద్రపోయేవాళ్ళకు తాళంచెవి ఎవరిస్తారు?

కారు వచ్చిన మొదటి దసరా. పొద్దున్నే పాలపిట్టను చూసి వచ్చి, ఇంట్లో ఇనుప సామాను అంతా వాకిట్లో పేర్చాడు. కత్తిపీట, గొడ్డలి, పానాలు, కుట్టుమిషను, వాటి పక్కన కారు. అన్నిటికీ పసుపు, కుంకుమ, అన్నిటికీ నూనె. పండుగపూట మనిషికి తలంటు ఎట్లాగో కదిలే వస్తువుకు నూనె అట్లా అని ఆయన లెక్క. ఇంజను పక్కన నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి ఉంది. పైన రెండు మూడు బోల్టులు విప్పి, మూతను జర పక్కకు లాగి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇగో, ఇటు రా. రబ్బరు పట్టా పెట్టిండ్రు గీడ. పండ్లున్నయి దీనికి."

నేనూ వంగి చూశాను. జీపులో ఇనుప చక్రాలు చేసే పని ఇక్కడ ఒక నల్లటి బెల్టు చేస్తోందట. దాని మీద ఎక్కడా తడి లేదు, సున్నం గోడలా పొడిగా ఉంది.

"ఎండిపోయి ఉన్నది పాపం" అన్నాడు. ఆ మాట అన్న గొంతు నాకింకా గుర్తు. నాలుగు రోజులుగా తిండి లేని పిల్లవాణ్ణి చూసినట్టు అన్నాడు. "ఆ ఇంజనీరుకు సోయి లేదు. ఇన్నేండ్లు ఒక్క చుక్క పొయ్యలే."

పొడుగు ముక్కు నూనెడబ్బా తెచ్చి, ఇంజను నూనె చుక్క చుక్కగా ఆ పళ్ళ మీద పోశాడు. నేను మూత పట్టుకున్నాను. ఇంజను తిప్పి విని, "చూసినవా, మెత్తబడ్డది" అన్నాడు. నాకూ మెత్తబడ్డట్టే వినిపించింది. మూడు దసరాలు ఇద్దరం కలిసి ఆ పని చేశాం.

మూడో దసరా దాటి, దీపావళి కూడా దాటాక, నాకు కొత్త కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి ఒక ఆదివారం పొద్దున ఆదిలాబాద్ బయలుదేరాం. పత్తి ఏరే రోజులు. బండ్లలోంచి రాలిన పత్తి తోవ పొడుగునా కంపచెట్లకు చిక్కుకుని ఉంది. ఎండ ఇంకా పూర్తిగా పైకి రాలేదు, ఆ తెల్లటి పీచులు గాలికి లేచి మా ముందు తేలుతున్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంజను చప్పుడు వింటూ ఎక్కడికో జారిపోతున్నాను.

ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. ఏ చప్పుడుకూ కాదు, చప్పుడు లేకపోవడానికి. కారు ఇంకా కదులుతూనే ఉంది, గాలి వినిపిస్తోంది, ఇంజను మాత్రం లేదు. ఆయన రోడ్డు పక్కకు తీసి ఆపాడు. తాళంచెవి తిప్పితే లోపల గిర్రున తేలిగ్గా తిరుగుతోంది, అందుకోవడం లేదు. దిగి పెట్రోలు చూశాడు, ప్లగ్గు విప్పి చూశాడు, వైర్లన్నీ కదిపి చూశాడు. చెవి ఆనించి విన్నాడు. మళ్ళీ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"ఆగింది" అన్నాడు.

పాతికేళ్ళు దాటిన సంసారంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

పత్తి దించి ఖాళీ బండితో వెళ్తున్న ఒక గోండు రైతు ఆగాడు. "దాదా, జర గుడిహత్నూర్ దాకా గుంజుతవా?" అని మా ఆయన అడిగాడు. ఆ రైతు తన బండిలోంచి తాడు తీసి కట్టాడు. అలా మా కారును రెండు ఎడ్లు లాక్కుని వెళ్ళాయి. కందెన బండి తోలిన మనిషి, ఇంజను ఉన్న బండిలో కూర్చుని, ఎడ్ల తోకలు చూస్తూ స్టీరింగు పట్టుకున్నాడు. తోవలో ప్రతి చాయ హోటలు వాడికీ ఆయన తెలుసు. ఒకరిద్దరు లేచి నిలబడి చూశారు. ఆయన ఎటూ చూడలేదు. ఎడ్ల మెడలో గంటలు నెమ్మదిగా మోగుతున్నాయి. పత్తి పీచులు వచ్చి అద్దానికి అంటుకుంటున్నాయి. అంతా నీళ్ళ అడుగున జరుగుతున్నట్టు ఉంది నాకు, మేమిద్దరం ఎక్కడికీ చేరబోమనిపించింది.

నాలుగు రోడ్ల దగ్గర రేకుల షెడ్డులో ఒక మిస్త్రి ఉన్నాడు. బోథ్ నుంచి వచ్చి అక్కడ పని పెట్టుకున్నాడు, ముప్పై ఏళ్ళుంటాయి. తెలుగులో సగం మరాఠీ కలిపి మాట్లాడతాడు. మా ఆయన కాకా, నేను కాకూ, వాళ్ళ వరసలో బాబాయీ పిన్నీ.

"కాయ్ ఝాలం, కాకా? ఏమైంది?" అంటూ వచ్చి, తాళంచెవి ఒక్కసారి తిప్పి విన్నాడు. "టైమింగ్ బెల్టు పోయింది. ఇది తెగితే పైన వాల్వులకు, కింద పిస్టన్లకు మాటలు బంద్."

పైమూత విప్పి లోపల వేలు పెట్టాడు. ఆ వేలు బయటికి తీసి చూసుకున్నాడు. మా ఆయన్ని ఒకసారి చూశాడు. వేలిని బట్టకు తుడుచుకున్నాడు. "కొత్త బెల్టు ఆదిలాబాద్‌ల దొరుకుతది కాకా. ఇప్పుడు బస్సుంది. నువ్వు తెచ్చేటాలకు నేను అంతా విప్పి పెడుత" అన్నాడు.

మా ఆయన బస్సెక్కాడు. తన బండిని ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్ళడం ఆయనకు కొత్త. బస్సు కదిలేదాకా మెట్టు మీదే నిలబడి కారును చూస్తున్నాడు.

మిస్త్రి పని మొదలుపెట్టాడు. ముందు ఫ్యాను బెల్టు తీశాడు, కింది పుల్లీ విప్పాడు, నల్లమూత మొత్తం ఊడదీశాడు. పాత బెల్టు బయటికి లాగి నా ముందు పెట్టాడు. నానబెట్టిన తోలులా ఉబ్బి ఉంది. చాలా పళ్ళు రాలిపోయాయి, గోకితే గోటికి నల్లగా వస్తోంది.

"కాకూ, ఒక్క మాట అడుగుత, కోపం చేసుకోకు. దీనికి ఎవరన్న నూనె పోసిండ్రా?"

"ఎందుకు?" అన్నాను.

"రబ్బరుకు నూనె జహర్, విషమన్నట్టు. పొడిగ ఉండాలె ఇది. ఎవడో బాగ పోసిండు, ఒక్కసారి కాదు."

షెడ్డు నీడలో స్టూలు మీద కూర్చుని నేను ఆ బెల్టునే చూస్తున్నాను. "ఎండిపోయి ఉన్నది పాపం" అన్న గొంతు వినిపిస్తోంది. ఈ సంగతి తెలిస్తే ఆయన మళ్ళీ బానెట్ ముట్టడు. మళ్ళీ అరుగు, మళ్ళీ ఒళ్ళో బోర్లా పెట్టిన చేతులు. తలుపు కిర్రుమన్నా తలెత్తని ఆ మనిషితో ఇంకోసారి బతకడం నా వల్ల కాదు.

"నేనే పోసిన" అన్నాను.

"నువ్వా?"

"కుట్టుమిషన్‌కు పోసినట్టే అనుకున్న. ఆయనకు తెల్వదు. చెప్పకు."

మిస్త్రి నవ్వు ఆపుకోవడానికి మీసం తుడుచుకున్నాడు. "నహీ కాకూ, చెప్ప" అన్నాడు. చెప్పనన్నవాడు ఎప్పుడూ చెప్తాడని పంతులమ్మను కాబట్టి నాకు తెలుసు.

రెండు దాటాక మా ఆయన దిగాడు, కాగితంలో చుట్టిన బెల్టును చంకలో పెట్టుకుని. అన్నం తినలేదు. నేరుగా వచ్చి బానెట్ దగ్గర నిలబడ్డాడు. మిస్త్రి చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నాడు. సబ్బు ఆయనకు ఇచ్చాడు.

"నువ్వు గూడ కడుక్కో కాకా. నూనె చెయ్యి తగలొద్దు దీనికి."

"ఎందుకు తగలొద్దు?"

"రబ్బరు కాకా. నూనెకు ఉబ్బుతది, పండ్లు రాలుతయి. గీ పాత బెల్టు చూడు. మన కాకూ కుట్టుమిషన్ అనుకొని పోసిందంట." చెప్పేసి, నావైపు చూసి, నాలుక కరుచుకున్నాడు.

ఆయన సబ్బు నురగ చేతులతో అలాగే నిలబడ్డాడు. పాత బెల్టును చూశాడు. నన్ను చూశాడు. నేను రోడ్డు మీద పోతున్న పత్తిబండిని చూస్తున్నాను. ఆయన వెనక్కి తిరిగి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడుక్కున్నాడు. ముప్పై ఏళ్ళ నూనె ఆ అరచేతి గీతల్లో నల్లగా కూర్చుని ఉంది, అది సబ్బుకు పోయేది కాదు.

మిస్త్రి చక్రాల గుర్తులు కలిపాడు. పై చక్రం మీద ఒక చిన్న గీత, కింది దాని మీద చుక్క, రెంటికీ ఎదురుగా ఇంజను మీద వాటి జోడీ గుర్తులు. "నిషాన్ మీద నిషాన్ ఉండాలె. ఒక్క పన్ను అటిటైతే బండి ఎక్కుడు ఎక్కది" అన్నాడు. బెల్టు తొడిగి, బిగించి పట్టే చిన్న చక్రాన్ని వదిలి, పొడుగు పానా మా ఆయన చేతికిచ్చాడు. "నెమ్మదిగ రెండు చుట్లు తిప్పు కాకా. గుర్తులు మళ్ళ కలువాలె."

ఆయన వంగి తిప్పాడు. బెల్టు చప్పుడు లేకుండా కదిలింది. కింది చుక్క దాటిపోయింది, వచ్చింది, దాటిపోయింది. పై గీత మెల్లగా, నిద్రలో ఒత్తిగిలినట్టు, చుట్టూ తిరిగి వస్తోంది. రెండో చుట్టు చివర చుక్క ఎదుట చుక్క, గీత ఎదుట గీత వచ్చి ఆగాయి.

"కలిసినయి" అన్నాడు మిస్త్రి.

ఆయన పానా వదల్లేదు. వంగినవాడు వంగినట్టే ఉండి అన్నాడు, "నూనె ఆమె పోయలే. నేను పోసిన. మూడు దసరాలు పోసిన."

మిస్త్రి కాసేపు బట్టతో చేతులు తుడుచుకున్నాడు. "జీపు నడిపిన చేతులు గద కాకా" అన్నాడు చివరికి. "మా బాపు ఉంటే ఆయన గూడ పోసేటోడు."

ఆయన నిటారుగా లేచాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మా బడి పిల్లలు పాఠం అప్పజెప్పడానికి నిలబడ్డట్టు నిలబడి, "ఇంక దేనికి పొయ్యొద్దో చెప్పు" అన్నాడు. మిస్త్రి ఒక్కొక్కటే చూపించాడు. ఆయన ఒక్కొక్కదానికీ తల ఊపాడు. అరవై దాటిన మనిషి. నాకు ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు, పెళ్ళినాడు కూడా. కొంగుతో కళ్ళు తుడుచుకుంటే పత్తి పడిందా కాకూ అని మిస్త్రి అడిగాడు, పడిందన్నాను.

ఇంకా పొద్దుండగానే ఉట్నూర్ వైపు తిరిగాం. కళ్ళద్దాల సంగతి ఇద్దరం మరిచిపోయాం. టేకు చెట్ల మధ్యకు వచ్చాక ఆయన అడిగాడు.

"నీ మీద ఎందుకు ఏసుకున్నవ్?"

"నీ చేతులు మళ్ళ ఆగిపోతయని భయమైంది."

ఆయన స్టీరింగు మీద ఉన్న తన చేతుల్ని చూసుకున్నాడు. ఇంకొంత దూరం నడిపాడు. తరువాత కారు పక్కకు తీసి, ఇంజను ఆపకుండా దిగి, నా వైపు వచ్చి తలుపు తీశాడు.

"అటు జరుగు. నువ్వు నడుపు."

"ఘాటు రోడ్డు నాకెందుకు?" అన్నాను. కసి అంత తొందరగా పోదు. "కండ్లద్దాలు గూడ పాతవే."

"గా అద్దాలతోనే ఇన్నేండ్లు నన్ను చూసినవ్. రోడ్డు చూడలేవా?"

నేను స్టీరింగు ముందుకు జరిగాను. ఆయన పక్క సీటులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. మొదటి మలుపు దగ్గర ఆయన కుడికాలు నేలకేసి నొక్కడం ఓరగా చూశాను. రెండో మలుపు దగ్గర కూడా నొక్కాడు. మూడో మలుపు దగ్గర ఆ కాలు కదల్లేదు. తిరిగి చూస్తే తల తలుపుకు ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, షెడ్డు నుంచి తెచ్చుకున్న పాత బెల్టును ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

ఎదురుగా టేకు ఆకుల మీద ఎండ పచ్చగా పడుతోంది. గేరు మార్చినప్పుడల్లా చప్పుడు రాకుండా ఊపిరి బిగబట్టి మార్చాను. ఎక్కుడు, దిగుడు, వాగు. అన్నీ నేను ఎన్నోసార్లు విన్నవే, కళ్ళు తెరిచి చూడడం ఆరోజే.

ఇంటిముందు ఆపాను. తాళంచెవి మీద చెయ్యి వేసి, తిప్పకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంజను తిరుగుతూనే ఉంది. పక్కింటావిడ గేటు దగ్గరికి వచ్చి ఏమైందని అడగబోతే నోటిమీద వేలు పెట్టి చూపించాను. ఆమె నన్నూ, ఆయన్నీ చూసి లోపలికి వెళ్ళిపోయింది. వాకిట్లో నీడలు పొడుగవుతున్నాయి. మూత వెనక ఆ కొత్త బెల్టు పొడిగా, చప్పుడు లేకుండా తిరుగుతూ ఉంటుందని అనుకుంటూ కూర్చున్నాను.

చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. ఇల్లు చూశాడు, ఇంజను విన్నాడు.

"వచ్చి ఎంతసేపైంది?"

"అర్ధ గంట అయితుండొచ్చు."

"బంద్ చెయ్యలేదేంది?"

"బంద్ చేస్తే లేస్తవని."

ఆయన నా మొహంలోకి చూశాడు. మళ్ళీ తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకో జరసేపు ఉండనీ" అన్నాడు.